అబ్బా కాలికి నేను పెట్టని పట్టీ

మా నాన్నను మేం అబ్బా అంటాం. ఆయన ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. ఒకసారి ఎడమకాలి చిటికెన వేలి దగ్గర బూటు ఒరుసుకుని పుండు పడింది. షుగరు ముదిరినవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది కాబట్టి ఆయనకు నొప్పే తెలియలేదు. క్లచ్ తొక్కుతూ, ట్రిప్పులు కొడుతూ తిరిగాడు. ఒక సాయంత్రం సాక్సు విప్పుతుంటే అమ్మీకి వాసన వచ్చింది. అప్పుడు చూశాం.

అప్పటికి నేను మంఖాల్ దగ్గర ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. మేం చేసేవి పుండ్ల మీద వేసే పట్టీలే. రొయ్య పొట్టు నుంచి కైటోసాన్ అనే పదార్థం తీస్తాం. దాన్ని పలుచని ఆమ్లంలో కరిగించి, పసుపు సారం కలిపి, ట్రేలలో పోసి, గడ్డకట్టించి ఆరబెడితే మెత్తటి స్పాంజిలాంటి పసుప్పచ్చని పలక తయారవుతుంది. గాజు పళ్ళెంలో పెంచిన క్రిముల మధ్య దాని ముక్క పెడితే, మర్నాటికి ఆ ముక్క చుట్టూ క్రిములన్నీ చచ్చి ఖాళీ వలయం కనిపిస్తుంది. మొదటిసారి ఆ వలయం వచ్చిన రోజు నేను ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి ఫోటో చూపించాను. బాలాపూర్‌లో ఉండే ఫుప్పూకి, అంటే అబ్బా అక్కకి, కూడా పంపాను.

అబ్బా పుండు సంగతి తెలియగానే ఫుప్పూ వచ్చేసింది. ఆమె వచ్చేసరికి నేను ల్యాబ్‌లో ఉన్నాను. ఇంటికొచ్చి చూస్తే అబ్బా పాదం మీద పసుపూ నూనే కలిపిన ముద్ద ఉంది. గిన్నెలో నీళ్ళు తెచ్చి అదంతా కడిగేశాను. ఫుప్పూ ముఖం మాడ్చుకుంది.

"నాది వద్దంటవ్, సరే. మరి నీది తెచ్చి పెట్టరాదు? గా ఫోటోల జూపిచ్చినవ్ గదా, క్రిములన్ని సచ్చినయని," అంది.

"పెట్టను ఫుప్పూ."

"ఎందుకు పెట్టవ్? పసుపే గదా. రొయ్య పొట్టే గదా. మనం తినేటియే. ఏమైతది?"

"ఏమైతదో ఇంక తెల్వదు. అందుకే పెట్టను."

"తెల్వదా? మరి గిన్ని దినాల సంది ఆడ ఏం జేస్తున్నవ్?"

"గదే తెల్సుకుంటున్న."

అమ్మీ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "లోకంల అందరి పుండ్లకు పట్టీలు చేస్తవ్ బిడ్డా. ఇంట్లోడు పరాయోడా?" అంది. ఫుప్పూ మాటలన్నిటికంటే ఆ ఒక్క మాట నాకు ఎక్కువ తగిలింది. అయినా నేను కదల్లేదు.

వాళ్ళకు చూపించని ఫోటో ఇంకొకటి ఉంది. క్రిములు ఇంకా బాగా చావాలని మేం పసుపు సారం మోతాదు పెంచాం. ఆ పలకను ల్యాబ్‌లో పెంచిన చర్మకణాల మీద పెడితే అవి కూడా చచ్చాయి. క్రిమిని చంపే శక్తికి ఏది శత్రువో, ఏది చుట్టమో తెలియదు. పైగా రొయ్య పొట్టును పూర్తిగా శుద్ధి చేయకపోతే, అది పడనివాళ్ళకు ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. ప్రకృతిలోంచి వచ్చింది కాబట్టి హాని చేయదనే మాట నేను అప్పటికే వినీ వినీ విసిగిపోయాను. పాము విషం ఏ ఫ్యాక్టరీలో తయారవుతోందని అడగాలనిపించేది.

అబ్బాను దవాఖానకు తీసుకెళ్ళడానికి సెలవు అడిగితే మా కంపెనీ యజమాని కారణం అడిగారు. ఆయనది కోస్తా. హైదరాబాదులో స్థిరపడి చాలా కాలమైంది. మర్యాదగా మాట్లాడే మనిషి. విషయం వినగానే ఆయన ముఖంలో బాధా, ఆశా రెండూ కనిపించాయి.

"ముందే చెప్పొచ్చు కదమ్మా. రెండు షీట్లు తీసుకెళ్ళండి. రోజూ ఒక ఫోటో తీయండి. తగ్గితే ఆయనకీ మేలు, మనకీ మేలు."

"తగ్గకపోతే సార్?"

"అన్నీ సహజ పదార్థాలేనమ్మా. హాని ఏముంటుంది?"

"మొన్న చర్మకణాలు ఎందుకు చచ్చాయి సార్? మనుషుల మీద వాడటానికి మనకు అనుమతి కూడా లేదు కదా."

ఆయన కుర్చీలో కాస్త జరిగారు. "నేనేమీ బలవంతం చేయడం లేదు. ఇది మీ ఇంటి విషయం."

"అవును సార్, మా ఇంటి విషయమే. మా ఇంటికే కాదు, ఎవరింటికీ ఇవ్వను."

ఉద్యోగం పోతుందనుకుంటూనే ఆ మాట అన్నాను. గదిలోంచి బయటకు వచ్చి, అలమారులో ఉన్న ప్రతి ప్యాకెట్టు మీదా ఎర్ర మార్కరుతో 'మనుషులకు వాడరాదు' అని రాశాను. నా చేతిరాత అసలే పెద్దది, ఆ రోజు ఇంకా పెద్దగా రాశాను. తర్వాత ఆయన వాటిని చూశారు. కానీ చెరిపించలేదు.

దవాఖానలో డాక్టరమ్మ చచ్చిన కండ కోసి తీసేసింది. కాలు కింద మోపొద్దంది, బండి నడపొద్దంది, షుగరు అదుపులో పెట్టమంది. కట్టు ఎలా మార్చాలో నాకు నేర్పింది. రోజూ పొద్దున బస్సెక్కే ముందు అబ్బా కాలు స్టూలు మీద పెట్టుకుని, సెలైన్‌తో కడిగి, గాజుగుడ్డ కట్టేదాన్ని. ఒకరోజు ఆయన నా ముఖంలోకి చూస్తూ అడిగాడు.

"నిజం చెప్పు బిడ్డా. నీ పట్టీ పెడ్తే మానుతదా?"

"తెల్వదు అబ్బా."

"నీ దిల్‌కు ఏమనిపిస్తది?"

"మానుతదనే అనిపిస్తది. నేను చేసిన దాని మీద నాకు గట్లనే అనిపిస్తది. అందుకే నా దిల్ మాట వింటలే."

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఇంటి మీదుగా విమానం పోయింది. ఆయన దాన్ని చూస్తున్నట్టు కూర్చున్నాడు.

పుండు ఎముకలోకి దిగింది. చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. ఆపరేషను రోజు దవాఖాన వరండాలో అందరి ముందూ ఫుప్పూ నన్ను నిలదీసింది. "ఇగ ఖుషీ అయినవా? నీ జిద్దు గెలిచింది, నా తమ్మునికి వేలు పోయింది."

నేను ఏడుస్తూనే జవాబు చెప్పాను. "వేలు షుగరు తీసింది ఫుప్పూ. నా పట్టీ పెట్టినంక పోతే, నేను తీసినట్టయితుండె. రేపు ఇంకొకలకు పుండు పడ్డా గిదే చెప్త."

పెట్టి ఉంటే ఏమయ్యేదని డాక్టరమ్మను కూడా అడిగాను. ఎముకకు ఎప్పుడు సోకిందో తాను చెప్పలేనంది. పట్టీ పనిచేసేదో లేదో అసలే చెప్పలేనంది. నాకు ఊరట కలిగించే మాట ఒక్కటీ అనలేదు. అది లేకుండానే నేను నా మాట మీద నిలబడ్డాను. ఇప్పటికీ నిలబడే ఉన్నాను.

ల్యాబ్‌లో పసుపు మోతాదు తగ్గిస్తూ, పొట్టును మళ్ళీ మళ్ళీ శుద్ధి చేస్తూ పోయాం. చివరికి క్రిములు చచ్చి, చర్మకణాలు బతికిన పలక ఒకటి వచ్చింది. దాని మీద ఇంకా చాలా పరీక్షలు మిగిలే ఉన్నాయి. యజమాని కరపత్రంలో 'సహజం కనుక పూర్తిగా సురక్షితం' అని రాయిస్తే, ఆయన ముందే ఆ వాక్యం కొట్టేశాను. ఆయన నిట్టూర్చి, దిద్దిన కరపత్రం మీద సంతకం పెట్టారు. అబ్బా కాలు నెమ్మదిగా మానింది. మెత్తటి చెప్పులు వేసుకుని మళ్ళీ బండి తీశాడు. నేను చేసింది మంచిదని ఆయన ఒక్కనాడూ అనలేదు, నేనూ అడగలేదు.

మొన్న పొద్దున అబ్బాతో పాటు క్యాబ్ నడిపే అన్న ఒకాయన మా ఇంటికి వచ్చాడు. రేడియేటరు మూత తీస్తుంటే చేయి కాలిందట. "అక్కా, నువ్వేదో పట్టీలు చేస్తవంట. జర ఒకటి ఇయ్యరాదు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి అబ్బా గొంతు వినిపించింది.

"అది ఇయ్యది. నాకే ఇయ్యలే."

అది ఫిర్యాదో, గొప్పో నాకు అర్థం కాలేదు. అబ్బా తాళంచెవి తీసుకుని బయటకు వచ్చాడు. "నడువ్, దవాఖానల దింపుత," అని ఆ అన్నను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. బండి తిప్పుతూ, నా వైపు చూసి, "నువ్వు గూడ ఎక్కు. మంఖాల్ బస్సు ఎల్లిపోయినట్టుంది," అన్నాడు. నేను వెనక సీట్లో ఎక్కాను.