రెండు కంపెనీల ర్యామ్

నిన్న నా కంప్యూటర్లో పాత ర్యామ్ పక్కన ఇంకో కంపెనీది కలిపాను. పెట్టేముందు దాని బంగారు రంగు అంచును రబ్బరుతో రుద్దుతుంటే, ఆ వాసనకు నరసరావుపేటలో మా పక్కనే ఉన్న పెదనాన్న ఇల్లు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. పెదనాన్న కొడుకు శీనన్న ఇలాగే రుద్ది, రెండు కంపెనీల ర్యామ్‌లు కలిపాడు. నత్తలా ఉండే కంప్యూటర్ చకచకా నడిచింది.

"అన్నని చూసి నేర్చుకోరా," అంది అమ్మ, అందరి ముందూ.

నాకు ఒళ్లు మండిపోయింది. కంప్యూటర్ ఆపి అన్న భోజనానికి వెళ్లగానే, కొత్త ర్యామ్‌ను ఒక కొసన పైకి లేపాను. మళ్లీ నత్తలా నడుస్తుంది, అంతే అనుకున్నాను. తీరా అన్న వచ్చి ఆన్ చేస్తే తెర వెలగలేదు, లోపలినుంచి బీప్ బీప్ అని ఒకటే మోత.

"వేరే వేరేవి కలిపితే ఇట్టాగే తగలడుద్ది! ఇంకోసారి దాని మీద చెయ్యేశావంటే చూడు," అన్నాడు పెదనాన్న.

"ఇందాక నడిచింది గదా నాన్నా," అన్నాడు అన్న. నేను నోరు విప్పలేదు. అన్న మళ్లీ ఆ పెట్టె మూత తీయలేదు.

నిన్న నా కంప్యూటర్ నడవగానే అన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"రెండు కంపెనీలవి కలవవని ఇన్నాళ్లూ అందరికీ నేనే చెప్తన్నా గదరా," అన్నాడు.