నమ్‌దఫా అడవిలో వదిలొచ్చిన తాడు

నమ్‌దఫా చేరిన రోజే నాకు పులి ఎదురైంది. మా గౌలిపుర చాయ్ హోటల్లో ఇప్పటికీ ఇలాగే మొదలుపెడతాను. నిజానికి ఎదురైంది జలగ. బూటులో దూరి, మేజోడు ఎర్రబడేదాకా తాగింది.

అరుణాచల్ చివర, బర్మా సరిహద్దు పక్క, నేషనల్ పార్కు లోపల మా ఫౌజీ పోస్టు. వెదురు గది, పైన టార్పాలిన్, కింద నది. మనుషుల కన్నా ముందు పుట్టిన అడవి అన్నారు. మధ్యాహ్నమైనా నేల మీద ఎండ పడదు. బట్టలు ఆరవు. రైఫిల్‌కు రెండు పూటలా నూనె పెట్టాలి.

తెల్లవారి ఐదింటికి రేడియోలో హాజరు చెప్పాలి. సరిగ్గా అప్పుడే హూలాక్ గిబ్బన్లు కూత అందుకునేవి. తోకలేని కోతులు. మగది నలుపు, ఆడది గోధుమ రంగు. ఒకటి పిలిస్తే రెండోది పలికేది. ఆ అరుపులేంటని బేస్ క్యాంపు అడిగితే, వరంగల్ నుంచి వచ్చిన మా రేడియో ఆపరేటర్ నావైపు తిరిగి నవ్వేవాడు.

"ఆలుమొగలు మాట్లాడుకుంటున్నరన్నా. మధ్యల వీళ్ల లొల్లేంది?"

నాకు నవ్వు రాలేదు. పెళ్లయిన ఏడాదే ఈ పోస్టింగు.

వానాకాలంలో కొండచరియ విరిగింది. చెట్లు కొట్టుకుపోయి అడవి మధ్య వీధంత ఖాళీ. నల్లది మావైపు, గోధుమది అటువైపు. గిబ్బన్ నేలకు దిగదు. కొమ్మ అందితేనే దానికి దారి. పొద్దున్నే ఇది పిలిచేది. అటునుంచి జవాబు రోజురోజుకీ సన్నబడింది.

"మనం నది దాటే తాడు ఆ ఖాళీకి అడ్డంగ కడదమా, సాబ్?" అన్నాడు రేడియో ఆపరేటర్.

మా పోస్టుకు పెద్ద, సుబేదార్ సాబ్‌ది చాంద్రాయణగుట్ట. "దిమాగ్ ఖరాబైందా? తాడు సర్కారుది. కోతులకు ఇష్యూ జేస్తరా?"

మర్నాడు ఆ పిలుపు వింటూ చాయ్ చల్లార్చుకున్నాడు. "కట్టుండ్రి. నదిల కొట్టుకపోయిందని రాస్త."

చెట్టెక్కింది నేనే అంటాను అందరితో. ఎక్కింది వరంగల్‌వాడు. నేను కింద తాడు పట్టుకున్నాను.

తాడు మీదికి ఏదీ రాలేదు. ఇంతలో పోస్టు వదిలి కొండ దిగమని ఆర్డరొచ్చింది. బయలుదేరిన ఉదయం మంచు కమ్మింది. నల్లది కొమ్మ చివరికొచ్చి ఆగింది. తాడు వైపు చెయ్యి చాచింది.

"నడువుండ్రి, వానొస్తది," అన్నాడు సాబ్. నడిచాం.

ఇంటికొచ్చాక గల్లీ మొత్తానికీ ఆ రెండూ కలిశాయని చెప్పాను. వాటికి పిల్లను కూడా పుట్టించాను. అన్నం వడ్డిస్తూ నా భార్య ఒక్కతే అడిగింది.

"నిజంగ దాటిందా?"

"తెల్వదు."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

ఇప్పటికీ వాన మొదలైతే అడుగుతుంది.

"ఈపాటికి దాటుంటదా?"

"పోయి చూసొద్దమా?"

"ఆ మోకాళ్లతోనా?"

తాడు ఎప్పుడో కుళ్లి ఉంటుంది. నాకు మాత్రం ఆ మంచులో అలాగే కనబడుతుంది. తాడు మీద ఒక నల్లని చెయ్యి. కొమ్మను వదలని ఇంకో చెయ్యి.