కోటిబాబు ఎంచిన లాంపులు

నకరికల్లు దాటాక మెయిన్ రోడ్డు పక్కన నా లేత్ షాపు ఉంది. దానికి ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో కోటిబాబు నీళ్ళ సీసాలు ఊదేవాడు. ఊదేవాడంటే నోటితో కాదు. నోటితో ఊదేంత ఊపిరి అతనికి ఎప్పుడో పోయింది. మిషను ఊదేది, అతను దగ్గరుండి చూసుకునేవాడు.

అతనిది బొల్లాపల్లి వైపు మెట్ట ఊరు. మీసాలు రాకముందే సున్నపు బట్టీలో పనికి చేరాడు. రాయి కాల్చడం, కాలిన రాయిని పారతో లాగడం, సున్నం బస్తాలకెత్తడం. ఆ తెల్లటి దుమ్ము పీల్చి పీల్చి, నలభై నిండకుండానే పది మెట్లెక్కాలంటే మధ్యలో ఆగి గోడ పట్టుకునే మనిషయ్యాడు. నరసరావుపేట డాక్టరు ఎక్స్‌రే చూసి, మళ్ళీ దుమ్ములో అడుగుపెడితే నా దగ్గరికి రావద్దు, వచ్చినా చేసేదేమీ లేదన్నాడట. ఆ మాట విన్న దగ్గర్నుంచి అతని భార్య బుల్లెమ్మకు కంటిమీద కునుకు లేదు. అన్న నాగేశ్వరరావు దగ్గరికి పోయి కాళ్ళావేళ్ళా పడింది.

నాగేశ్వరరావుకు వాటర్ ప్లాంటు ఉంది, మాగాణి ఉంది, పంచాయతీ ఎన్నికలొస్తే రెండు పార్టీల వాళ్ళూ అతని అరుగు మీదే కూర్చుంటారు. చెల్లెలి మొహం చూసి, సీసాలు చేసే పాత మిషనొకటి కొని, ఈ షెడ్డులో పెట్టి, చెల్లెలి మొగుణ్ణి దాని ముందు కూర్చోబెట్టాడు. మంచివాడే, కాదనను. కాకపోతే చేసిన మేలు పదిమందికీ తెలియాలనే రకం. షెడ్డుకు వచ్చినప్పుడల్లా మిషను మీద చెయ్యేసి, ఇది లేకపోతే ఈపాటికి మా బావ ఏ గతిన ఉండేవాడో అనేవాడు. కోటిబాబు నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ మిషను పని ఇది. సీసా కాబోయే ప్లాస్టిక్ గొట్టాలు బొటనవేలంత లావున ఉంటాయి. వాటిని గొలుసుకు తగిలిస్తే తిరుగుతూ తిరుగుతూ హాలోజన్ లాంపుల ముందునుంచి పోతాయి. ఆ వేడికి మెత్తబడ్డాక అచ్చులో పెట్టి గాలి కొడితే సీసా అవుతుంది. లాంపులు అడ్డంగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైది మెడకు, కిందిది అడుక్కు. ఏ లాంపు పోతే సీసాలో ఆ భాగం ఉబ్బదు. పాత లాంపులు ఒక్కొక్కటే చావడం మొదలుపెట్టాక కోటిబాబు బజారులో దొరికిన ఫోకస్ లైట్ల హాలోజన్లు తెచ్చి పెట్టాడు. వెలుతురు పెళ్ళి పందిరంత వచ్చింది, సీసాలు మాత్రం నడుం విరిగిన ముసలాళ్ళలా వచ్చాయి.

నాగేశ్వరరావు ఆ వంకర సీసాను చేతిలో తిప్పి తిప్పి చూసి తేల్చేశాడు. కారంపూడి తిరునాళ్ళకు తన ప్లాంటు నీళ్ళు పోవాలి, ఆ సీసాలు ఇక్కడే తయారవ్వాలి. ఈసారి కాకపోతే మిషను ఏటి అవతల అడిగినవాళ్ళకు ఇచ్చేస్తాడు. మరి నీ బావ సంగతేమిటని బుల్లెమ్మ అడిగింది. బట్టీలో పనికేం కరువని అన్నాడు. బుల్లెమ్మ మొహం సున్నం కొట్టినట్టయింది.

అంటే లాంపులు కుదిరితే కోటిబాబు బతుకుతాడు, కుదరకపోతే లేదు. దానికింతకన్నా అర్థం లేదు.

ఆ లాంపులు ఎంచడానికి అతను పడ్డ పాట్లు నేను దగ్గరుండి చూశాను. విజయవాడలో ఇలాంటి లాంపులమ్మే కొట్టుకు స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. షబ్నం అనే అమ్మాయి మాట్లాడేది. ఓపికగల పిల్ల. లాంపు పొడవెంత, అందులో వేడెక్కే భాగం ఎంత, వోల్టేజీ ఎంత, చివర్ల బిగించే పట్టు ఎలా ఉంది, అడ్డంగా పెడతారా నిలువుగానా అని ఒక్కొక్కటే అడిగింది. పాత లాంపు మీద అక్షరాలు కాలి చెరిగిపోయాయి. నా స్కేలు తీసుకుని, అద్దాలు పెట్టుకుని, కొలిచిందే కొలిచి చెప్పేవాడు.

వాట్లు ఎక్కువుంటే మంచిదేగా అన్నాడు మొదట. కాదంది ఆ పిల్ల. ఎక్కువైతే మెడ కూడా కరిగి జారిపోతుంది. మామూలు హీటరు కడ్డీ అయితే పై పొరనే కాలుస్తుంది, పెద్ద మంట మీద బజ్జీ వేసినట్టు పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఈ హాలోజన్ వేడి ప్లాస్టిక్ లోపలిదాకా దిగుతుంది. వెనకవైపు తెల్లపూత ఉన్నవి తీసుకుంటే వేడంతా ముందుకే వస్తుంది, మిషను వెనక రేకు కాలదు. ఇవన్నీ విన్నాక కోటిబాబు ఫోన్ పెట్టేసి, మళ్ళీ చేసి, చెప్పినవన్నీ మళ్ళీ చెప్పించుకునేవాడు.

అన్నం తెచ్చిన బుల్లెమ్మ ఒకరోజు ఇదంతా విని మూతి తిప్పింది.

"పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూడలా ఈయన."

"నిన్ను చూసేటప్పుడు ఊపిరి బాగానే ఉందిలేవే," అన్నాడు కోటిబాబు. ముగ్గురం నవ్వాం. నవ్వుతుంటే అతనికి దగ్గు తెర వచ్చింది. ఇంకెవరం నవ్వలేదు.

చివరికి తెల్లపూత ఉన్న సరైన లాంపులే ఎంచాడు. పార్సిలు వచ్చిన రోజు షబ్నం ఫోన్ చేసి మరీ చెప్పింది, ఆ గాజును వట్టి చేత్తో ముట్టుకోవద్దని. చేతి చమట, జిడ్డు అంటితే ఆ చోట వేడికి గాజు చెడి పగులుతుంది. పొరపాటున అంటితే స్పిరిటులో ముంచిన దూదితో తుడిచి ఆరాకనే వెలిగించాలి. కోటిబాబు చేతులు సబ్బుతో కడిగి, కొత్త గ్లౌజులు వేసుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒక్కొక్క లాంపూ పట్టుకుని బిగించాడు. స్పిరిటు సీసా, దూది పక్కనే పెట్టుకున్నాడు. లాంపులు ముట్టుకోవద్దని బుల్లెమ్మకు చెప్పి, కొబ్బరికాయ, నిమ్మకాయలు తేవడానికి రోడ్డు దాటి కొట్టుకు వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

ఇక్కడ బుల్లెమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ఆమె పసుపు రాసి కుంకుమ పెట్టందే వాడనివ్వదు. కొత్త బిందెకు పెడుతుంది, గ్యాసు పొయ్యికి పెడుతుంది, నా లేతుకు కొత్త బెల్టు వేస్తే అడక్కుండా వచ్చి దానికీ పెట్టి పోయింది. మేం తిరిగొచ్చేసరికి అన్ని లాంపులకూ నడిమధ్యన తడి పసుపు, దాని మీద ఎర్రటి బొట్టు ఉన్నాయి. ఆమె చేతిలో కుంకుమభరిణె ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నేనేం ముట్టుకోలా. బొట్టు పెట్టానంతే," అంది.

కోటిబాబు చెయ్యి దూది దాకా వెళ్ళింది. నేను చూశాను. దూది పట్టుకున్నాడు కూడా. బుల్లెమ్మ మొహం చూశాడు. మొగుడు బతకాలని ముత్తైదువ తన చేత్తో పెట్టిన కుంకుమను ఆమె కళ్ళెదుట తుడిచే మగాడు మా పల్నాట్లో ఇంకా పుట్టలేదు. దూది అక్కడే పెట్టేసి కొబ్బరికాయ కొట్టాడు. నాకూ తప్పనిపించలేదు. బొట్టు పెడితే ముట్టుకున్నట్టెలా అవుతుందనుకున్నాను నేను కూడా.

ఆ రోజు సీసాలు అద్దంలా వచ్చాయి. మెడ సన్నగా, భుజాలు గుండ్రంగా, అడుగు గట్టిగా. కోటిబాబు ఒక సీసా తెచ్చి నా బల్ల మీద నిలబెట్టాడు. నేను దాన్ని వెలుతురుకెత్తి తిప్పి చూశాను.

మర్నాడు సగం పొద్దుకల్లా మొదటి లాంపు పగిలింది. బొట్టు పెట్టిన చోటే గాజు తెల్లబడి, చిన్న బుడిపెలా ఉబ్బి, ఠప్పుమంది. మిషను ఆపి, మిగతావాటిని తుడుద్దామని చూస్తే పసుపు మాడి గాజులోకి దిగిపోయింది. స్పిరిటుకు రాలేదు. బతికున్నవాటితోనే నడుపుదామని వెలిగించాడు. గంట తిరక్కుండా ఇంకోటి పోయింది. ఆ తర్వాత వరసపెట్టి పోయాయి. ప్రతి చప్పుడుకూ కోటిబాబు తననే కొట్టినట్టు ఉలిక్కిపడ్డాడు.

నా షాపులోకొచ్చి షబ్నంకు ఫోన్ చేశాడు. బుల్లెమ్మ షెడ్డులో గాజుముక్కలు ఊడుస్తోంది. మరకలు ఎలా ఉన్నాయని అడిగి, విని, గాజు మీద ఏమన్నా పూశారా అంకుల్ అంది ఆ పిల్ల. బొట్టు పెట్టామమ్మా అన్నాడు. దానికి మా కంపెనీ ఏం చేసే వీల్లేదు అంకుల్ అని చెప్పి, సారీ అంది. ఆ సారీ నిజంగానే బాధతో అన్నది.

సాయంత్రానికి నాగేశ్వరరావు వచ్చాడు. బుల్లెమ్మ ఒక పక్కన, నేను గుమ్మంలో. అతను అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏంది బావా ఇది? నువ్వు కాకుండా ఇంకెవరన్నా చెయ్యిపెట్టారా? పెడితే చెప్పు, వాళ్ళ సంగతి నేను చూసుకుంటా, నీకు ఇంకో సెట్టు తెప్పిస్తా. నీ ఎంచటమే తప్పయితే మాత్రం ఇంక నా వల్లగాదు."

బయటపడే దారి తెరిచే పెట్టాడు. ఒక్క మాట చాలు, నీ చెల్లెలు బొట్టు పెట్టింది అని. నాగేశ్వరరావు చెల్లెల్ని నాలుగు తిట్టి, మర్నాటికి లాంపులు తెప్పించేవాడు. నేను నోరు తెరిచాను. కోటిబాబు నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం అతనిలో ఉందని నాకు తెలియదు.

"ఎవరూ పెట్టలా బావా. నాకే ఎంచటం చాతగాలా," అన్నాడు.

బతుకులో అతను సరిగ్గా ఎంచుకున్నవి ఆ లాంపులొక్కటే. నాకు అతన్ని కొట్టాలనిపించింది. తర్వాత ఒక్కడే దొరికినప్పుడు బుద్ధుందా నీకని అడిగాను.

"నా ఊపిరి కోసం పెట్టిన బొట్టన్నా అది. దానివల్లే పోయిందని చెపితే బుల్లెమ్మ బతుకుద్దా?" అన్నాడు.

తిరునాళ్ళకు ముందే మిషను లారీ ఎక్కి ఏరు దాటింది. అచ్చంపేట వైపు చేపల చెరువు దగ్గర కాపలా ఉందంటే నేనే వెంటబెట్టుకుని పోయాను. రాత్రంతా చెరువుగట్టున తిరగాలి, ఈ దగ్గుతో ఎట్లా అన్నారు. పత్తి మిల్లులో అడిగాను. అక్కడా దుమ్మే. బుల్లెమ్మ మళ్ళీ అన్న గడప తొక్కితే, పెట్టింది నిలుపుకోవటం రానోడికి ఎన్నిసార్లు పెడతానమ్మా అన్నాడట. చివరికి బట్టీ మేస్త్రీ కబురు పెట్టాడు.

బట్టీకి కూలీలను తీసుకెళ్ళే ఆటో పొద్దున్నే నా షాపు ముందే ఆగుతుంది. మొదటి రోజు కోటిబాబు ముక్కుకు కట్టుకునే తువ్వాలు మెళ్ళో వేసుకుని నిలుచున్నాడు. తువ్వాలు కొత్తది. దాని మీద పసుపు చుక్క లేదు. బుల్లెమ్మ నుదుటన బొట్టుంది కానీ చేతిలో భరిణె లేదు. ఆమెకు నేను చెప్పలేదు, అతను చెప్పలేదు. కానీ ఆ ముక్కలన్నీ ఊడ్చింది ఆమే. ప్రతి లాంపూ తన వేలు పడ్డచోటే పగలడం చూసింది ఆమే.

ఆటో వచ్చింది. బుల్లెమ్మ అన్నం క్యారేజీ అందించింది. రెండు చేతులకూ కొంగు చుట్టుకుని, వేళ్ళు ఎక్కడా తగలకుండా, అతను ఆ లాంపులు పట్టుకున్నట్టే పట్టుకుని అందించింది.

"చేత్తోనే ఇవ్వవే," అన్నాడు కోటిబాబు.

ఆమె తల అడ్డంగా ఊపింది. కొంగు తియ్యలేదు. కోటిబాబు క్యారేజీ తీసుకుని ఆటో ఎక్కాడు.