పాటల టీచరు భాగహారం

పాటల టీచరుకు బల్లులంటే భయం లేదు. చీకటంటే భయం లేదు. గేటు దగ్గర వేలు చూపిస్తూ గొడవకొచ్చే తండ్రులంటే అసలే లేదు. ఆమె భయమల్లా భాగహారం.

వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ ఆమెకు మాత్రం అది నవ్వులాట కాదు. తను మూడో తరగతిలో ఉండగా గవదబిళ్ళలొచ్చి మంచాన పడింది. బుగ్గలు తగ్గి బడికెళ్ళేసరికి బోర్డు మీద అంకెలు మెట్లు మెట్లుగా కిందికి దిగుతున్నాయి. ఎందుకు దిగుతున్నాయో అర్థం కాలేదు. పక్కపిల్ల జవాబు చూసి రాసేసింది. మరుసటి ఏడూ అంతే. తర్వాత ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. పెద్దయ్యాక ఒకటో తరగతి టీచరై, ఇక ఆ మెట్లు ఎక్కి దిగే పని లేదని ఊపిరి పీల్చుకుంది. అక్షరాలు పాటగా, అంకెలు పాటగా, చివరికి ముక్కు తుడుచుకోవడం కూడా పాటగా నేర్పేది. పేరు అలా వచ్చింది.

ఈ ఏడు ఒకటో తరగతికి పిల్లలు ఒక బెంచీకి సరిపడా కూడా రాలేదు. ఆ కొద్దిమందినీ పక్కవీధి బడికి సర్దేసి, హెడ్మిస్ట్రెస్ ఆమెను గదిలోకి పిలిచింది.

"మూడో తరగతి టీచరు ప్రసవానికి వెళ్తోంది. మీరు తీసుకోండి."

"నేను చిన్నపిల్లలకే అలవాటు పడ్డాను మేడమ్."

"మూడో తరగతివాళ్ళేమన్నా మీసాలు పెంచుకుని తిరుగుతున్నారా?"

"తీసుకోకపోతే?"

"నా దగ్గర ఇంకో కుర్చీ లేదమ్మా. ఈ టర్ము చెప్పండి. చూపుల రోజున పిల్లల్ని చూసి మిగతా ఏడాది సంగతి మాట్లాడదాం."

ఆ బడిలో టర్ము చివర పరీక్షలుండవు. ఒక రోజు తల్లిదండ్రులంతా వచ్చి వెనక బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంటారు. ఆ టర్ములో చెప్పిన పాఠాల్లోంచి ఎవరైనా, ఏదైనా అడగొచ్చు. పిల్లలు బోర్డు దగ్గరికొచ్చి జవాబు చెప్పాలి. దాన్నే చూపుల రోజంటారు. మూడో తరగతి పాఠాల్లో సగానికి సగం భాగహారమే.

ఇంట్లో చెప్పక తప్పలేదు. ఆమె భర్త కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. విని, టీ గ్లాసు కింద పెట్టాడు.

"పెళ్ళై ఇన్నేళ్ళయింది. ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"చెప్తే మీ అక్కయ్యకి చెప్తారు."

"చెప్తే ఏం?"

"ఆవిడకి చెప్తే ఇక మైకులో చెప్పక్కర్లేదు."

అతను నవ్వి కాగితం తీశాడు. "చూడు. రెండు వందల యాభై రెండుని ఆరుతో భాగించాలి. రెండులో ఆరు పోతుందా? పోదు. మొదట్లో ఇలా చాలకపోతే పక్కదాన్ని కూడా కలుపుకో. ఇరవై అయిదులో పోతుందిగా. నాలుగు సార్లు పోయింది, ఒకటి మిగిలింది. ఆ తర్వాత రెండుని దించు."

ఆమెకు అర్థమైంది. అర్థమైందని తెలిసేసరికి ఒళ్ళంతా తేలికైపోయింది. మర్చిపోతానేమోనన్న భయంతో ఆ సాయంత్రమే దాన్ని పాట కట్టేసింది.

*ఎన్నిసార్లు పోతుందో చూడు,*
*పైన రాయి, కింద తీసెయ్,*
*పక్కనున్నది దించుకో,*
*చాలకపోతే ఇంకోటి దించుకో!*

భర్త చెప్పిన "మొదట్లో" అన్న మాట తాళానికి అడ్డొచ్చింది. తీసేసింది. ఆ ఒక్కమాట మీద ఎంత బరువుందో ఆమెకు తెలియదు.

పిల్లలు పాటను నీళ్ళు తాగినట్టు తాగేశారు. ఆ టర్ములో వాళ్ళు చాలా నేర్చుకున్నారు. గడియారంలో చిన్న ముల్లు ఏం చెబుతుందో, పెద్దది ఏం చెబుతుందో. వేరు నీళ్ళు ఎలా పీలుస్తుందో. పాలపళ్ళు ఎందుకు ఊడతాయో. ఉత్తరానికి పైన ఏం రాయాలో, కింద ఏం రాయాలో. అయినా అన్నిటికన్నా గట్టిగా నాటుకున్నది భాగహారం పాటే. "మా వాడు నిద్రలో కూడా దించుకుంటున్నాడండీ" అని ఒక తల్లి గేటు దగ్గర నవ్వింది. హెడ్మిస్ట్రెస్ వరండాలో ఆగి, విని, తలాడించి వెళ్ళింది.

పాటల టీచరుకు మాత్రం లెక్కల పీరియడు గంట కొట్టగానే చెమటలు పట్టేవి. సుద్దముక్క వేళ్ళకు అంటుకునేది. బోర్డు వైపు తిరిగినంతసేపూ వీపు మీద నలభై జతల కళ్ళు పాకుతున్నట్టుండేది. ఇంట్లో చేసి చూసుకున్న లెక్కలే ఇచ్చేది. పుస్తకంలో పాఠం చివరి పేజీ తిప్పిందంటే ఏవో కొత్తరకం అంకెలు కనబడేవి. వెంటనే మూసేసేది. తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు.

ఆ క్లాసులో ఒక పిల్ల ఉంది. ఏం మాట్లాడినా "అయితే" అనే మొదలుపెడుతుంది కనుక అందరూ అయితే పిల్ల అంటారు. "అయితే టీచర్, ఉడతకి పాలపళ్ళుంటాయా?" అంటుంది. దాని తాత లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. పోయిన ఏడు చూపుల రోజున ఆయన అడిగిన లెక్కకు నాలుగో తరగతి టీచరే తడబడిందట. స్టాఫురూములో ఆయన్ని ఆడిట్ తాత అంటారు. ఈ ఏడు మనవరాలు ఉన్న గదికే వస్తాడు.

చూపుల రోజు ఇంకా రెండు రోజులుందనగా హెడ్మిస్ట్రెస్ పెన్సిళ్ళ పెట్టె పంపింది. రెండు నుంచి ఐదు దాకా నాలుగు తరగతులకూ సమానంగా పంచమంది. పిల్లలు పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసి లెక్కపెట్టారు. నాలుగు వందల పన్నెండు.

"భాగించండి!" అంది టీచరు.

క్లాసంతా పాడింది. నాలుగులో నాలుగు ఒకసారి. ఒకటి దించుకో. చాలదు, ఇంకోటి దించుకో. పన్నెండులో నాలుగు మూడుసార్లు. "పదమూడు, టీచర్!"

తరగతికి ఒక కట్ట, మూడు విడి పెన్సిళ్ళు. పిల్లలు పట్టుకుని పరుగెత్తారు. ఆమె బల్ల వైపు చూసింది. పెన్సిళ్ళ గుట్ట కదిలినట్టే లేదు.

"ఇవేంటి?"

"మిగిలాయి టీచర్," అంది అయితే పిల్ల. "లెక్క ప్రకారం అందరికీ ఇచ్చేశాం. అయితే ఇవి మీవి."

అంతలో రెండో తరగతి టీచరు గుమ్మంలోకి వచ్చింది. "ఏంటమ్మా, మా క్లాసుకి పదమూడు పెన్సిళ్ళా? విరగ్గొట్టి పంచమంటావా?"

"అది మొదటి విడతండీ," అంది పాటల టీచరు. ఆ అబద్ధం నోట్లోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆవిడ వెళ్ళాక మిగిలిన కట్టల్ని పాటా గీటా లేకుండా, తరగతికొకటి, తరగతికొకటి అని చివరి కట్టదాకా పేర్చుకుంటూ పోయింది. ఒక్కో వరసకు తొంభై వచ్చాయి, ముందు ఇచ్చినవి కలిపితే నూట మూడు. బోర్డు మీద పదమూడు ఉంది.

ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా చెప్పింది. భర్త ముందు నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు.

"మధ్యలో చాలకపోతే సున్నా పెట్టాలే. పెట్టాకే ఇంకోటి దించుకోవాలి. లేకపోతే వందల్లో ఉండాల్సింది పదుల్లోకి జారిపోతుంది. నేను 'మొదట్లో' అని చెప్పానుగా!"

"అన్నారు. నేనే తీసేశాను."

"సరే, పప్పులో కాలేశావు. రేపు వాళ్ళకి చెప్పెయ్."

"ఏమని చెప్పను? టర్మంతా పాడించాను. ఇళ్ళల్లో పాడుతున్నారు."

"అయితే చూపుల రోజున సున్నా రాని లెక్కలే వెయ్యి."

"అడిగేది నేను కాదండీ. ఆ తాత."

పక్క గదిలోంచి అతని అక్కయ్య "ఏంటర్రా గుసగుసలు?" అంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

మర్నాడు క్లాసులో పాట మార్చి చూసింది. *చాలకపోతే సున్నా పెట్టి ఇంకోటి దించుకో.* తాళం కుంటింది. పిల్లలు నవ్వారు, కుంటకుండా పాతదే పాడారు. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె బల్ల మీద చెయ్యి చరిచింది.

"పాత పాట తప్పు. నేనే తప్పు నేర్పాను."

క్లాసులో చప్పుడు ఆగిపోయింది. కోప్పడితే ఆగడం వేరు, ఇది వేరు. అయితే పిల్ల లేచి నిలబడింది. ఎప్పుడూ గలగలలాడే పిల్ల గొంతు పీలగా వచ్చింది.

"అయితే టీచర్, మిగతావన్నీ కూడా తప్పేనా?"

ఆమె తన ఉద్యోగం గురించి భయపడింది గానీ ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు.

"కాదమ్మా. ఇదొక్కటే."

"గడియారం?"

"గడియారం సరైనదే."

"వేరు నీళ్ళు తాగుతుందన్నారు, అదీ?" అన్నాడు కిటికీ పక్కవాడు.

"తాగుతుంది."

"నాకు ముందు పళ్ళు రెండూ మళ్ళీ వస్తాయన్నారు కదా టీచర్?" అని చివరి బెంచీవాడు బోసినోరు తెరిచి అడిగాడు. ఎవరూ నవ్వలేదు. వాడికి అది నిజంగా తేలాల్సిన విషయం.

"వస్తాయి నాన్నా. తప్పకుండా వస్తాయి."

ఒక్కొక్కటే అడిగారు. ఒక్కొక్కటే సరైనదేనని చెప్పింది. రెండు చోట్ల ఆమెకే అనుమానం వచ్చి పుస్తకం తీసి చూసింది. గంట కొట్టేలోపు సున్నా లెక్కలు నాలుగే చేయించగలిగింది. సగం మంది సరిగా చేశారు. మిగతా సగం మందికి నోరు సరిగా పాడుతుంటే చెయ్యి పాతదే రాసింది.

చూపుల రోజున ఆడిట్ తాత అందరికన్నా ముందు వచ్చి, వెనక బెంచీల్లో మొదటిదాంట్లో కూర్చున్నాడు. హెడ్మిస్ట్రెస్ గుమ్మం పక్కన కుర్చీ వేయించుకుంది. ఉత్తరం ఎలా రాయాలో ఒకడు చెప్పాడు, గడియారం ఇంకొకడు. పాటల టీచరుకు ఒక్క మాటా చెవికెక్కలేదు. తాత గొంతు సవరించుకోవడం మాత్రం వినబడింది.

"అమ్మాయ్, ఇటు రా. మన ఇంటి పిల్లని మనమే అడక్కపోతే ఎలా? ఎనిమిది వందల ముప్పై రెండుని ఎనిమిదితో భాగించు."

అయితే పిల్ల సుద్ద తీసుకుంది. క్లాసు లోగొంతులో అందుకుంది. సగం గొంతులు కొత్త పాట, సగం పాత పాట. నాలుగో వరసలో రెండూ గుద్దుకున్నాయి. పిల్ల ఆగింది. ఒకటి రాసింది, దాని పక్కన నాలుగు రాసింది. పద్నాలుగు.

వెనక బెంచీల్లో ఎవరో పెదవి చప్పరించారు. పాటల టీచరు అడుగు ముందుకేసింది. డస్టరు అందుకుని "కంగారుపడిందండీ" అంటే సరిపోతుంది. కానీ అలా అంటే ఆ తప్పు పిల్లదవుతుంది. అడుగు అక్కడే ఆగింది. తాత వైపు తిరిగింది.

"తప్పు తనది కాదండీ. నేను అలా నేర్పాను. నిన్ననే సరిచేశాను, ఇంకా కుదురుకోలేదు."

తాత కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "టర్మంతా ఇలాగే చేశారా?"

"చేశారండీ."

"మీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. అదే వచ్చింది చిక్కు."

ఒకరిద్దరు నవ్వారు, నవ్వాలో వద్దో తెలియనట్టు. అయితే పిల్ల బోర్డు వైపే చూస్తోంది. "తాతయ్యా, ఎనిమిది పద్నాలుగులు నూట పన్నెండే. అయితే మిగతావన్నీ ఎటు పోయాయి?" అని తనే ఒకటికీ నాలుగుకూ మధ్య సున్నా ఇరికించింది. చోటు చాలక సున్నా సన్నగా, నలిగిపోయి ఉంది. తాత తలాడించి ఊరుకున్నాడు. మెచ్చుకోలేదు, తిట్టలేదు.

అందరూ వెళ్ళాక హెడ్మిస్ట్రెస్ ఆమెను గదిలోకి పిలిచింది. కూర్చోమనలేదు.

"రాదని నాతో ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఉంచేవారా మేడమ్?"

ఆవిడ నిజాయితీగా ఆలోచించింది. "ఉంచేదాన్ని కాదు."

పాటల టీచరు బల్లకు దగ్గరగా జరిగింది.

"ముగ్గురు ఇప్పుడే నా దగ్గరికొచ్చారు. ఇద్దరు తండ్రులు మిమ్మల్ని మార్చమన్నారు. ఆ తాత మాత్రం వచ్చే టర్ములో ఏం చెబుతారని అడిగాడు. భిన్నాలు అన్నాను." ఆవిడ ఆగింది. "భిన్నాలు వచ్చా?"

వచ్చు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం ఆమె నాలుక మీదికి వచ్చి నిలబడింది కూడా.

"రావండీ."

హెడ్మిస్ట్రెస్ సొరుగులోంచి మూడో తరగతి లెక్కల పుస్తకం తీసి ఆమె ముందు పెట్టింది. "సెలవుల్లో పొద్దున్నే ఇక్కడికి రండి. నేనుంటాను, నేర్చుకోండి. పాట మాత్రం కట్టకండి, నేను విన్నాకే కట్టండి. పట్టుబడితే సరే. లేకపోతే అప్పుడు చూద్దాం."

"అప్పుడు చూద్దాం" అన్న మాటలో ఏముందో ఆమెకు తెలుసు. తలూపి బయటికొచ్చింది. బడి ఖాళీగా ఉంది. మర్నాడు, సెలవుల మొదటి రోజున, పొద్దున్నే వచ్చి, హెడ్మిస్ట్రెస్ గది తలుపు తట్టబోయి, చెయ్యి ఎత్తి కాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత తట్టింది.