బోరుకు పోయిన ఇంజను

పాలు కొంటే వాసన చూడటం, కూరగాయలు తెస్తే ఇంట్లో మళ్లీ తూకం వేయడం నా అలవాటు. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. నేను జాగ్రత్త అంటాను. అలాంటివాణ్ణి, మా నాన్న డీజిలు బుల్లెట్టును తీసుకెళ్లి ప్రొద్దుటూరులో ఒక మెకానిక్కు చేతిలో పెట్టానంటే గతిలేకే పెట్టాను.

ఆ బండి మీద నాన్న రోజూ జమ్మలమడుగు నుంచి పెద్దముడియం వెళ్లి, బడిలో పాఠాలు చెప్పి వచ్చేవాడు. ఆయన పోయాక పదకొండేళ్లు అది మా రేకుల షెడ్డులో గోనెసంచుల వెనక పడి ఉంది. సైలెన్సరులో ఎలుకలు కాపురం పెట్టాయి. పిస్టను సిలిండరులో పట్టేసి, కిక్కు మీద మనిషి ఎక్కి నిలబడినా కిందికి దిగేది కాదు. పాత ఇనుముకు వేసేయమని ఇద్దరు మెకానిక్కులు చెప్పారు. నాకు కోపం వచ్చింది. నాన్న గొంతు ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు రాదు. సాయంత్రం వీధి మలుపు తిరిగేటప్పుడు ఆ ఇంజను చేసే దడదడ మాత్రం గుర్తుంది. దాన్ని ఇంకొక్కసారి వినాలి, అంతే నా కోరిక.

అందుకే నాకు అదే ఇంజను కావాలి. ఈ రకం ఇంజన్లు ఇప్పుడు కొత్తవి రావు కాబట్టి, ఉన్న సామాన్లకు గిరాకీ ఎక్కువ. మంచివి కాజేసి డూప్లికేటువి బిగిస్తారని మా ఆఫీసులో ప్రతివాడూ హెచ్చరించాడు. మెకానిక్కు ముసలాయన, నాన్న ఉన్నప్పుడు ఈ బండికి ఆయనే పని చేసేవాడు. నేను మామా అని పిలుస్తాను. అయినా నా అనుమానం తగ్గలేదు. తెలిసినవాణ్ణి మోసం చేయడం ఇంకా సులువు కదా!

వారం రోజులు డీజిలు పోసి నానబెట్టి, ఒక శుక్రవారం నన్ను పిలిపించి, చెక్క దిమ్మ ఆనించి సుత్తితో తట్టి తట్టి, నా కళ్ల ముందే పిస్టనును ఊడదీశాడు. విప్పిన సామాన్లన్నీ గోనెపట్టా మీద పరిచాడు.

"నమాజుకు పోయొస్తా. చూస్తాండప్పా" అని మసీదుకు వెళ్లాడు.

నేను చూస్తూ ఊరుకోలేదు. జేబులో తెచ్చుకున్న మేకు తీసి సిలిండరు అంచున, పిస్టను లోపలివైపు, హెడ్డు వెనక, నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీశాను. తొందరలో అంతకంటే సులువైన గుర్తు తోచలేదు. ఆయన తిరిగి వచ్చేసరికి చేతులు కట్టుకుని, తల వంచుకుని, పాలు తాగిన పిల్లిలా కూర్చున్నాను.

పది రోజుల తర్వాత చెప్పకుండా వెళ్లాను. చెప్పకుండా వెళ్లడమూ జాగ్రత్తలో భాగమే. షాపు మూసి ఉంది. పక్కన టీకొట్టాయనను అడిగాను.

"మామ పులివెందులకు పోయినాడప్పా."

"మరి నా ఇంజను యాడుంది?"

"నీ ఇంజనా? అది బోరుకు పోయింది గదా!"

మా సీమలో బోరంటే ముందు గుర్తొచ్చేది ఒకటే, నీళ్ల కోసం నేల తొలిచేది. పులివెందుల చుట్టూ చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు. ఇదే రకం ఇంజన్లను పొలాల్లో నీళ్లు తోడటానికి బిగించడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. ఇంత చిన్న ఇంజను బోరులోంచి నీళ్లు లాగుతుందా అని క్షణం ఆలోచించలేదు. మా నాన్న ఇంజను ఎవడి చీనీ తోటలోనో దడదడలాడుతోందనుకున్నాను. ఒళ్లు మండింది. ఆ మంటలో కాస్త సంతోషం కూడా ఉందని ఒప్పుకోవాలి. చివరికి నా మాటే నెగ్గింది.

ఫోను చేస్తే, బస్టాండు వెనక లేతు షాపులో ఉన్నానన్నాడు. అబద్ధమే అనుకుంటూ బస్సెక్కాను. అనవలసిన మాటలన్నీ ముద్దనూరు దాటేలోపే వరసగా పేర్చుకున్నాను.

ఆయన నిజంగానే లేతు షాపులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నా సిలిండరు మిషనుకు బిగించి ఉంది.

"ఇంజను బోరుకు పోయిందంట, ఏంది మామా?"

"అవునప్పా. సిలిండరు లోపల అరిగి గీతలు పడినాయి. బోరు కొట్టి నున్నగా చేయాల. ఈయనైతే శానా బాగా కొడతాడు."

పేర్చుకున్న మాటలన్నీ మింగేశాను. అయినా బుద్ధి మారలేదు. వంగి సిలిండరు అంచు చూశాను. నా గుర్తు ఉంది. బోరు పెద్దదైంది కాబట్టి దానికి తగ్గ కొత్త పిస్టను తెచ్చానని ఆయన ఒకటి నా చేతిలో పెట్టాడు. అలవాటు కొద్దీ తిప్పి చూశాను. లోపలివైపు నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత.

కొత్త పిస్టను మీద నా గుర్తు! నా గుర్తు కనిపెట్టి, నకిలీ సామానుకు వేసి నన్నే బురిడీ కొట్టిస్తున్నాడు. ఈసారి దొరికాడు.

"ఈ గుర్తు ఎవరు పెట్టినారు మామా?" నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేనేనప్పా. మీ నాయన బండి మళ్లా నడవాలని నువ్వు సామాన్ల మీద శిలువ గీసి ప్రార్థన చేసుకుంటివి గదా. నేను నమాజు నుంచి వచ్చేటప్పటికి చేతులు కట్టుకోని, తల వంచుకోని ఉంటివి. పలకరించేదానికి గూడా భయపడినా. ఇప్పుడా పిస్టను తీసేసి, గుర్తు లేని పిస్టను ఏసేదానికి మనసొప్పలే. నాకు గీసేది సరిగ్గా రాలేదు, రోంత వంకర పోయింది." లేతు ఆయన వైపు చూపించాడు. "అంచు మీది గుర్తు చెరపొద్దని ఈయనకు గూడా చెప్పినా."

నేను పిస్టనును చేతిలో తిప్పుతూనే ఉండేసరికి, తప్పు చేశాననుకున్నాడు కాబోలు.

"నేను గీయకూడదా? ప్రార్థన చేసే గీసినావు గదప్పా?"

"అవును మామా" అన్నాను. తేలు కుట్టిన దొంగ ఇంకేమంటాడు?

మరుసటి వారం ప్రొద్దుటూరులో మూడో కిక్కుకు ఇంజను అందుకుంది. అదే దడదడ. నాన్న వీధి మలుపు తిరిగినట్టే ఉంది. నేను షాపు ముందు నిలబడి ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "మీ నాయన గుర్తొచ్చినాడా?" అన్నాడు. దానికీ అవుననే చెప్పాను. సిగ్గుతో కూడా ఏడుస్తున్నానని చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.

ఆదివారం ఆ బండి మీదే చర్చికి వెళ్తాను. ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు నేను గీసిన గుర్తులేవీ కళ్ల ముందుకు రావు. ఆయన వంకరగా గీసిన ఆ ఒక్కటే వస్తుంది.