రెండోసారి అడిగిన ప్రశ్న

జవాబు తెలిసి కూడా మా పాప నలుగురిలో నోరు మూసుకుంటుందేమో. నాలుగేళ్ల పిల్ల గురించి అప్పుడే ఈ భయమేంటని మా ఆయన నవ్వుతారు. ఆయనకి రత్నమాణిక్యం గారు తెలీదు.

భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆవిడ అక్కడే పదకొండేళ్లు రొయ్యలు ఒలిచే బల్ల దగ్గర నిలబడింది. తలలు పక్క షెడ్డులోనే తీసేస్తారు. ఆవిడ చేతికొచ్చేది మొండెమే. పెంకు ఒలిచి, వీపు చీల్చి, నల్ల నరం లాగేసేది. వాసన చూసి సరుకు బాగుందో లేదో చెప్పేది. నా పరీక్ష గంట తర్వాత అదే మాట చెప్పేది. అందుకే ఆవిణ్ణి మేస్త్రీని చెయ్యాలనుకున్నారు.

ఆ ఏడాదే టీవీ క్విజ్‌కి ఎంపికైంది. జవాబు చెప్పగానే "లాక్ చేసేద్దామా?" అని అడిగే షో అది. క్యాంటీన్‌లో అందరం కూర్చుని చూశాం. నాలుగో ప్రశ్న: రొయ్య గుండె ఎక్కడుంటుంది?

"తలలోనండి," అంది ఠక్కున. మేం చప్పట్లు కొట్టాం.

"లాక్ చేసేద్దామా?"

ఆవిడ తడబడింది. "కాదండి, వీపులో. తల తీసేసినా నా బల్ల మీద కొట్టుకుంటాదండి. గుండె లేకుండా ఎలా కొట్టుకుంటాది?"

ఆ కదలిక కండరాలది. మొదటి జవాబే సరైనది. క్యాంటీన్ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

"లాక్ చేసేద్దామా" అన్న మాట ఊళ్లో ముందు నుంచీ ఉన్నదే. కూరల కొట్లో వంకాయలు తూచేటప్పుడు అనేవాళ్లు, పెళ్ళిచూపుల్లో అనేవాళ్లు. ఇప్పుడు అది ఆవిడ పేరైంది. "లాక్ గారొచ్చారు, దారివ్వండ్రా," అనేవాడు వాచ్‌మన్. టీ కొట్టతను గ్లాసు చేతికివ్వకుండా, "పంచదార ఉన్నదేనా? బాగా ఆలోచించుకోండి," అనేవాడు. సూపర్‌వైజర్ దొరబాబుకైతే రోజూ పండగే. "ఏవండీ, ఇంతకీ మీ గుండె ఎక్కడుందండీ?"

మొదట్లో ఆవిడా నవ్వేది.

జూన్‌లో ఒక రొయ్యల లోడు ఐసు కరిగిపోయి వచ్చింది. ఆవిడ ఒక రొయ్య ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది పోయిందండి, పక్కన పెట్టించండి," అంది.

దొరబాబు అరవై మందికీ వినబడేలా అడిగాడు. "లాక్ చేసేద్దామా?"

బల్లలన్నీ గొల్లున నవ్వాయి. ఆవిడ చేతిలో రొయ్యని మళ్లీ వాసన చూసింది. మా అందరి మొహాలూ చూసింది.

"ఏమోనండి. బాగానే ఉందేమో."

పాడైందని నా రిపోర్టు వచ్చేసరికి ఆ సరుకు మంచి సరుకులో కలిసిపోయింది. మొత్తం పారబోశారు. మేనేజరు అడిగితే దొరబాబు, "ఆవిడే బాగుందన్నారండి," అన్నాడు. అరవై మందీ విన్నారు కాబట్టి ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. మేస్త్రీ పని మాట అటుంచి, ఆవిడకి ఉన్న పనే పోయింది.

నెల తర్వాత పాపని తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఏం మాట్లాడాలో తెలీక, గోడ మీద క్యాలెండర్‌లో చిలకని చూపించి పాపని రంగు అడిగాను.

"పచ్చ," అంది.

"కరెక్టేనా? సరిగ్గా చూసి చెప్పు."

పాప చిలక వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది. "ఎరుపా?"

రత్నమాణిక్యం గారు పాపని దగ్గరికి లాక్కుంది.

"తప్పయితే తప్పని చెప్పండి మేడంగారూ, ఒప్పయితే ఊరుకోండి. రెండోసారి మాత్రం అడక్కండి."

ఇప్పుడు నేను ఒక్కసారే అడుగుతున్నాను.