వదులుగా నింపిన టిక్కీ

మిరప బస్తాను మా మిర్చి యార్డులో టిక్కీ అంటారు. ఎమ్మెల్యే కాకముందు నేను అక్కడ హమాలీని, మా కబడ్డీ జట్టుకు కెప్టెన్ని. గెలిచాక టిక్కీ భుజాన వేసుకుని నవ్వుతూ దిగిన నా ఫోటోను జనం ఇప్పటికీ మెచ్చుకుంటారు. దాని వెనక జరిగింది చెప్పాలి.

ఆ ఏడు టిక్కీ బరువు తగ్గించాలని హమాలీలు పని ఆపేశారు. వ్యాపారులు నన్ను రాజీకి పిలిచారు. నాతో కబడ్డీ ఆడిన మిత్రుడే హమాలీల నాయకుడు.

"ఏరా కెప్టెన్, కారెక్కాక నడుం వంగుద్దా? ఒక్క టిక్కీ మోసి చూపించు. మోస్తే రేపే పనిలోకొస్తాం" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు రోషం వచ్చింది. వ్యాపారి మనిషి ఒక టిక్కీని ముందుకు జరిపాడు. భుజం మీద పడగానే తెలిసిపోయింది. కాయను తొక్కి కూరకుండా, బరువు తగ్గేలా వదులుగా నింపి కుట్టారు. అక్కడే దించి ఆ మాట చెప్పాల్సింది. నేను యార్డు చివరిదాకా మోసుకెళ్లి, ఫోటోకు నవ్వి, "ఇదేనంట్రా మీ బరువు?" అన్నాను.

మిత్రుడు నమ్మేశాడు. "మా కెప్టెన్రా!" అంటూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. మర్నాడు మాట ప్రకారం అందరినీ పనిలోకి తెచ్చాడు. టిక్కీ బరువు తగ్గనే లేదు.

కొన్నేళ్లకు అతని నడుము పూర్తిగా దెబ్బతింది. నిజం చెబుదామని రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. రెండుసార్లూ అతను మంచం మీద నుంచి లేవలేక, పక్కింటివాళ్లను కేకేసి పిలిచి, ఆ రోజు నేనెలా మోశానో చెప్పాడు. నేను తలూపి వచ్చేశాను.